మొహమాటపు ఇంగ్లండ్, కలుపుగోలు టెక్సాస్

"రెండూ ఇంగ్లీషు మాట్లాడే దేశాలే కదా, రోజువారీ బతుకులో అంత తేడా ఏముంటుంది? యూకేలో ఎమ్మెస్ అయిపోవస్తోంది, అమెరికా వెళ్దామా అని చూస్తున్నాను" అని అడిగారు మీరు. నేను రెడింగ్‌లో ఆరేళ్లు ఉన్నాను. ఆ తర్వాత డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌కి వచ్చి ఏడేళ్లు దాటింది. సొంతూరు తెనాలి. కాబట్టి నేను చెప్పేది లండన్ దగ్గరి ఒక ఊరికీ, టెక్సాస్‌లో ఒక ఊరికీ ఉన్న తేడా అనుకోండి. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లూ న్యూయార్క్‌లో ఉన్నవాళ్లూ ఇందులో సగం ఒప్పుకోకపోవచ్చు.

యూకే మనకి మొదట్లో చుట్టాల ఇల్లులా అనిపిస్తుంది. తేదీలో రోజు ముందు, నెల తర్వాత. ప్లగ్ పాయింటు పక్కనే స్విచ్. ఎడమవైపు డ్రైవింగ్. లిఫ్టు, పెట్రోలు, క్యూ, అన్నీ బళ్లో నేర్చుకున్న మాటలే. అమెరికాలో మొదటి వారం "ఫస్ట్ ఫ్లోర్‌లో మీటింగ్" అంటే మెట్లెక్కి పోయి ఖాళీ కారిడార్‌లో పది నిమిషాలు నిలబడ్డాను. ఇక్కడ నేల మీదున్నదే ఫస్ట్ ఫ్లోర్ మరి. ఇలాంటివన్నీ పది రోజుల్లో అలవాటైపోతాయి, వీటికి టెన్షన్ పడక్కర్లేదు. అసలు చిక్కు మాటల దగ్గర వస్తుంది.

మొహమాటం అనే మాటకి ఇంగ్లీషులో సరిపడే మాట దొరకదు. కానీ ఆ మాట లేని ఇంగ్లీషువాళ్లే దాన్ని మనకంటే గట్టిగా పాటిస్తారని రెడింగ్‌లో తెలిసింది. అక్కడ నా మొదటి ఉద్యోగంలో ఒక రిపోర్టు రాసి మేనేజరుకి పంపాను. ఆయన నా సీటు దగ్గరికి వచ్చి, "క్వైట్ గుడ్. మూడో భాగం ఇంకోసారి చూస్తే బాగుంటుందేమో, నీకు వీలుంటేనే సుమా" అని వెళ్లిపోయాడు. నా సంతోషానికి హద్దుల్లేవు. రాత్రి నాన్నకి ఫోన్ చేసి, బాస్ మెచ్చుకున్నాడని కూడా చెప్పాను. ఆ వారం వీలు కాలేదు, మూడో భాగం జోలికి పోలేదు. రెండు రోజులాగి ఆయన మళ్లీ వచ్చి, "సారీ, నేనే సరిగ్గా చెప్పి ఉండను" అని మొదలుపెట్టాడు. నేను "పర్లేదండీ" అని ఆయన్ని ఓదార్చాను కూడా.

పక్క సీటులో బర్మింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన గుజరాతీ అమ్మాయి ఉండేది. ఇదంతా వింటూ నవ్వాపుకోలేక నన్ను కిచెన్‌లోకి లాక్కెళ్లి విడమరిచి చెప్పింది. ఇక్కడ 'క్వైట్ గుడ్' అంటే ఓ మాదిరిగా ఉంది అని. 'వీలుంటే' అంటే ఇవాళ సాయంత్రంలోగా అని. ఆయన సారీ చెప్పాడంటే తప్పు నాదని.

ఇర్వింగ్‌లో ఈ చదువంతా తిరగబడింది. అమెరికన్ల నోట అదే 'క్వైట్ గుడ్' చాలా బాగుందనే అర్థంలో వస్తుంది. అయినా వాళ్లు అంత చిన్న మాటతో ఎక్కడ సరిపెట్టుకుంటారు? నేను స్లయిడ్ చూపిస్తే 'ఆసమ్', పెన్ను అందిస్తే 'ఆసమ్', తలుపు పట్టుకుంటే 'యు ఆర్ ద బెస్ట్'. మూడు నెలలు గాల్లో తేలాను. ఏడాది చివర ఎవరి పని గురించి వాళ్లే రాసుకోవాలంటే, రెడింగ్ అలవాటు కొద్దీ "ఈ ప్రాజెక్టులో టీమ్‌కి కొంత సాయం చేశాను" అని రాశాను. ఇంగ్లండ్‌లో ఆ వాక్యం చదివినవాడు, భారమంతా ఇతనే మోశాడన్నమాట అనుకుంటాడు. ఇక్కడ మా మేనేజరు చదివి, "కొంత సాయమేనా? మరి మిగతా టైమంతా ఏం చేశావు?" అని అడిగింది. ఆవిడ వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది. నేను ఒంటరిగా రాత్రుళ్లు కూర్చుని చేసిన పని అది. అప్పట్నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను: బ్రిటిష్ వాళ్లు చెప్పిన మాటని రెండింతలు చేసుకోవాలి, అమెరికన్ మాటని సగానికి కోసుకోవాలి. మనం మాట్లాడేటప్పుడు దీన్ని తిరగేయాలి.

పలకరింపులో కూడా ఇదే కథ. రెడింగ్ ఆఫీసులో ఎదురుపడిన ప్రతివాడూ "ఆల్ రైట్?" అంటుంటే నా మొహం పీక్కుపోయి కనిపిస్తోందేమో, ఒంట్లో బాగాలేదనుకుంటున్నారేమో అని అద్దంలో చూసుకున్నాను. దానికి జవాబు తిరిగి "ఆల్ రైట్?" అనడమే. ఒకసారి నిజంగానే జలుబు చేసిందని చెప్పడం మొదలుపెడితే, ఆ పెద్దమనిషి కాళ్లు మెల్లగా తలుపు వైపు తిరిగాయి.

టెక్సాస్‌లో మాత్రం మాట మొదలైతే ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. వచ్చిన కొత్తలో ఒక సూపర్ మార్కెట్లో బెండకాయలు కొని కౌంటరు దగ్గర పెట్టాను. క్యాషియరు పెద్దావిడ వాటిని చూసి మొహం విప్పార్చుకుని, మీ ఇంట్లో వీటిని ఎలా చేస్తారు అని అడిగింది. పులుసు సంగతి ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నా తరం కాలేదు. వేపుడు అన్నాను. అంతే, వాళ్ల అమ్మమ్మ బెండకాయ ముక్కల్ని మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో ఎలా వేయించేదో, ఆ అమ్మమ్మ ఎప్పుడు పోయిందో, కూతురి విడాకులు ఎందుకయ్యాయో నాలుగు నిమిషాల్లో చెప్పేసింది. నా వెనక నిలబడ్డ ఇద్దరూ విసుక్కోలేదు సరికదా, ఒకాయన వేపుడులో ఇంకేం వేయాలో చెప్పాడు. ఇదే రెడింగ్‌లో జరిగితే వెనకున్నవాళ్లు నోరెత్తకుండా గట్టిగా ఊపిరి వదిలేవాళ్లు. అక్కడ అదే తిట్టు. బెండకాయ అమెరికా దక్షిణాది వాళ్లకి సొంత కూరేనని నాకు ఆ రోజే తెలిసింది.

అలాగని ఎవరు మంచివాళ్లు, ఎవరు పైపై మనుషులు అని తేల్చేయకండి. మనవాళ్లు కూర్చుని చేసే ఆ తీర్పులు నాకు నచ్చవు. రెడింగ్‌లో మా పక్కింటాయన పేరు తెలియడానికే ఏడాది పట్టింది. గోడ మీదుగా వాతావరణం, ఆయన గులాబీలు, మళ్లీ వాతావరణం, ఇంతే మా మాటలు. ఒకసారి నెల రోజులు తెనాలి వెళ్లొచ్చేసరికి మా చెత్త డబ్బాలు కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. ఏ రంగు డబ్బా ఏ వారమో చూసుకుని, నెలంతా బయట పెట్టి, లోపలికి లాగింది ఆయనే. థ్యాంక్స్ చెప్తే ఇబ్బంది పడిపోయి వాన సంగతి ఎత్తాడు.

ఇర్వింగ్‌లో సామాను దింపుతుండగానే ఎదురింటాయన బ్రౌనీల పళ్లెంతో వచ్చి, భుజం తట్టి, "మిమ్మల్ని ఒకరోజు బార్బెక్యూకి పిలవాలి!" అన్నాడు. మా ఆవిడ రెండు నెలలు శనివారాలు ఖాళీగా ఉంచింది. పిలుపు రాలేదు. అది కూడా పలకరింపేనని తర్వాత అర్థమైంది. మనం "ఒకసారి ఇంటికి రండి" అని బస్టాండులో అనమూ? కానీ 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయినప్పుడు, మొదట మా తలుపు తట్టింది ఆయనే. వాళ్లింట్లో పొయ్యి గూడు ఉంది, కట్టెలున్నాయి. రెండు రాత్రులు ఐదుగురు వాళ్లు, ముగ్గురం మేము, ఒక కుక్క, అందరం ఒకే గదిలో పడుకున్నాం.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. మనింట్లో అతిథి "వద్దండీ, ఇప్పుడే తిని వచ్చాను" అంటాడు, మనం వినం. మూడోసారికి కంచం ముందుంటుంది. ఇంగ్లండ్‌లో టీ వద్దంటే "నిజంగానా? నాకోసం ఎలాగూ పెట్టుకుంటున్నా" అంటారు. ఆ రెండో మాటకి ఒప్పుకోవచ్చు, ప్రాణం లేచొస్తుంది. అమెరికాలో ఒక్కసారి వద్దంటే వద్దనే. నిండు భోజనాల వేళ ఒక కొలీగ్ ఇంట్లో మర్యాదకి వద్దని, వాళ్లు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. వాళ్ల దృష్టిలో అది నా మాటకి ఇచ్చిన విలువ.

రెడింగ్‌లో ఒక పబ్బులో ఇంకో పరువు తక్కువ పని చేశాను. నేను మందు తాగను. శుక్రవారం ఐదుగురం వెళ్తే, ఒకడు లేచి అందరికీ తెచ్చాడు. నాకు ఆరెంజ్ జ్యూస్. తర్వాత ఇంకొకడు అందరికీ తెచ్చాడు. నేను తాగేది జ్యూసేగా, ఇంకొకళ్ల మీద భారం ఎందుకని, గ్లాసు అయిపోగానే లేచి నా ఒక్కడికే కొనుక్కుని వచ్చాను. నలుగురూ ఒకసారి నా గ్లాసు వైపు చూసి ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకున్నారు. వంతులవారీగా ఒక్కొక్కరూ అందరికీ కొనాలి, దాన్ని 'రౌండ్' అంటారు, దాన్ని ఎగ్గొట్టినవాడిని ఎవరూ ఏమీ అనరు కానీ మర్చిపోరు. నాకు మూడు నెలల తర్వాత చెప్పింది మళ్లీ ఆ గుజరాతీ అమ్మాయే. మీరు ఇంకా అక్కడే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను: తాగినా తాగకపోయినా రెండో వంతు మీరు అందుకోండి.

అమెరికాలో ఎవరి బిల్లు వాళ్లదే, వెయిటరు ఐదు కార్డులు విడివిడిగా గీకుతాడు, అందులో నామోషీ లేదు. టిప్పు దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంగ్లండ్‌లో చాలా రెస్టారెంట్లు బిల్లులోనే పదో, పన్నెండున్నరో శాతం సర్వీసు చార్జి వేస్తాయి, వద్దంటే తీసేస్తారు. నేను అదే లెక్కన ఇక్కడ పది శాతం పెట్టాను. వెయిటరు వెనకాలే వచ్చి "అన్నీ బాగానే ఉన్నాయా సార్?" అని అడిగింది. "ఆసమ్!" అన్నాను. అక్కడ కోత పడింది ఆమె జీతమని నాకేం తెలుసు? టిప్పులొచ్చే ఉద్యోగాలకి ఫెడరల్ చట్టం పెట్టిన కనీస జీతం గంటకి 2.13 డాలర్లు, అదీ 1991 నుంచి మారలేదు. టెక్సాస్‌లో ఇప్పటికీ అదే. 18 నుంచి 20 శాతం టిప్పు ఇక్కడ మామూలు. ఇంకొకటి, అట్ట మీద రాసిన ధర కౌంటరు దగ్గర ఉండదు. యూకేలో వ్యాట్ కలిపే రాస్తారు, ఇర్వింగ్‌లో చాలా వస్తువులకి రాసిన ధర మీద 8.25 శాతం పన్ను పడుతుంది.

ఆస్పత్రుల సంగతి మీరు వినే ఉంటారు. రెడింగ్‌లో పాపకి చెవి నొప్పి వస్తే ఉదయం ఎనిమిదింటికి ఫోన్ లైన్లో నిరీక్షణ, అపాయింట్‌మెంటు దొరికితే అదృష్టం. కానీ చూపించుకుని, మందు తీసుకుని, పర్సు తీయకుండా ఇంటికి వచ్చేవాళ్లం. ఇర్వింగ్‌లో పాప గడ్డం పగిలితే అరగంటలో కుట్లు వేశారు, నర్సు స్టిక్కర్లు కూడా ఇచ్చింది. మూడు వారాలకి ఒక కవరు, దాని వెనకే ఇంకో రెండు. ఆస్పత్రిది వేరు, డాక్టరుది వేరు, మూడోది దేనికో కనుక్కోవడానికి నాకు రెండు ఫోన్లు పట్టాయి. డిడక్టిబుల్ అనే మాటని, అంటే ఇన్సూరెన్సు వాళ్లు కట్టడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డబ్బుని, ఆఫర్ లెటర్ సంతకం పెట్టకముందే అర్థం చేసుకోండి.

సెలవులు కూడా. యూకేలో ఫుల్ టైమ్ పనిచేసే వాళ్లకి ఏడాదికి కనీసం 28 రోజుల జీతంతో కూడిన సెలవు చట్టమే ఇస్తుంది, బ్యాంకు సెలవుల్ని (అక్కడ ప్రభుత్వ సెలవుల్ని అలా అంటారు) కూడా అందులో కలపొచ్చు. అమెరికాలో అలాంటి ఫెడరల్ చట్టం లేదు, కంపెనీ ఎంతిస్తే అంత. రెడింగ్ నుంచి నెల రోజులు తెనాలి వెళ్లిన నేను, ఇర్వింగ్ నుంచి తమ్ముడి పెళ్లికి ఎనిమిది రోజులకి వెళ్లి, అందులో రెండు రోజులు విమానాల్లో, ఒక రోజు విడిదింట్లో ల్యాప్‌టాప్ ముందు గడిపాను. అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఇంకో చిన్న దృశ్యం. ఇక్కడ పాప బళ్లో ప్రతి ఉదయం గుండె మీద చెయ్యి పెట్టి అమెరికా జెండాకి, తర్వాత టెక్సాస్ జెండాకి కూడా ప్రతిజ్ఞ చెప్తారు. రెండు జెండాలు! రెడింగ్ పాత మిత్రుడికి ఫోన్లో చెప్తే కాసేపు ఆగి, "ఇంటరెస్టింగ్" అన్నాడు. అది ఇంగ్లీషువాడి నోట ఎంత పెద్ద మాటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇక సామాను సర్దేటప్పుడు ఒక్కటి. మీ కెటిల్ తెచ్చుకోకండి. నేను ప్రేమకొద్దీ తెచ్చుకున్నాను. అక్కడి కెటిల్ 230 వోల్టులకి, మూడు కిలోవాట్లకి చేసింది. ఇక్కడ వచ్చేది 120 వోల్టులు. ప్లగ్‌కి అడాప్టర్ తగిలిస్తే పనైతే చేస్తుంది, కానీ దాని బలం నాలుగో వంతుకి పడిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో కుతకుతమనే నీళ్లు పది నిమిషాలకి గానీ మరగలేదు. ఇక్కడ కొన్నది కూడా అక్కడిదానిలో సగం వేగమే. మా ఆఫీసులో చాలామంది కప్పులో నీళ్లు పోసి మైక్రోవేవ్‌లో పెడతారు, ఆ నీళ్లలో టీ బ్యాగు ముంచుతారు. నేను మాత్రం స్టవ్ మీద గిన్నె పెట్టి, పాలు పోసి, అల్లం దంచి వేసి, తెనాలి పద్ధతికి వచ్చేశాను.