మా అమ్మమ్మ లేసు లెక్కలు

అమ్మమ్మ చేతిపనుల్లో ఇప్పటికీ దాచుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే, నా దగ్గర ఉన్నది సగంలో ఆగిపోయిన ఒక దిండు గలీబు అంచు. ఇంకా సూటిగా చెప్పాలంటే పదకొండు పువ్వులు, పన్నెండో పువ్వులో మూడు రేకులు.

అమ్మమ్మది పశ్చిమ గోదావరిలో నర్సాపురం పక్కన పల్లెటూరు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లిక, ఆమె కాలానికి ఇంటింటి మధ్యాహ్నపు పని అయిపోయింది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లిన ముక్కలు పట్టుకెళ్లి కూలి ఇచ్చేవాడు. అవి విదేశాలకు వెళ్తాయని మాత్రం ఆమెకు తెలుసు. "ఎవరో దొరసాని దీని మీద కాఫీ ఒలకబోస్తుంది, చూడు" అనేది.

ఆమెకు చదువు రాదు. నమూనా ముక్కను ఒకసారి వేళ్లతో తడిమితే చాలు, లెక్క నోటికి వచ్చేసేది. అందుకే ఆమె చెప్పే కబుర్లకు మధ్యలో గుంటలు ఉండేవి. "మీ పెద్దమ్మ పెళ్లిలో ఏం జరిగిందంటే..." అని ఆగి, పెదవులు కదిపి, పదిహేడో పద్దెనిమిదో పూర్తయ్యాక "పప్పులో ఉప్పు మరిచిపోయారు" అని సరిగ్గా అక్కడే అందుకునేది. ఆ గుంటలో మేం నోరు విప్పితే వరుస మొత్తం విప్పుకోవాల్సి వచ్చేది. తిట్లు ఎలా ఉండేవో ఇక్కడ రాయను.

ఏజెంటు పనిలో ఒక్క రేకు ఎక్కువైనా ముక్క వెనక్కి వచ్చేది. అందుకని సొంత బుద్ధినంతా ఇంటి మీద చూపించింది. ఒక ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో వేసిన మెలికల ముగ్గును అదే మధ్యాహ్నం దారంతో తీస్తానని కూర్చుంది. ముగ్గులో గీత గీతను దాటుకుని హాయిగా పోతుంది. లేసులో ఒకే దారం, ఒకే కొక్కెం సూది, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. రెండు రోజులు అల్లి విప్పి, విప్పి అల్లి, చివరికి గీతలు దాటే ప్రతిచోటా చిన్న గుబ్బ పెట్టింది. చూస్తే ముగ్గు చుక్కలే! అది రేడియో తొడుగు అయింది. రేడియో మూగబోయి ఏళ్లయినా ఆ తొడుగు కోసమే దాన్ని పారేయలేదు.

అందరూ ఆమె ఓపికను పొగిడేవారు. నేను ఒప్పుకోను. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బస్టాండంతా వినిపించేలా గొణిగే మనిషి ఆమె. ఆమెకు ఉన్నది పంతం.

2016లో పోయింది. 2024లో నర్సాపురం లేసుకు, అది ఆ ప్రాంతపు సరుకని అధికారికంగా చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని పేపర్లో చదివి అమ్మకు వినిపించాను. "మీ అమ్మమ్మ ఉంటే కూలి పెంచారా అని అడిగేది" అంది అమ్మ.

గలీబు అంచుకు చివరి ఉచ్చు ముడి పడలేదు. దారం కొస లాగితే మొదటి పువ్వు దాకా ఊడి వచ్చేస్తుంది. అందుకే అమ్మమ్మ పోయిన రోజే అమ్మ దానికి ఒక పిన్నీసు గుచ్చింది. ఇప్పుడు పిన్నీసు తుప్పు పడుతోంది, మరక దారానికి అంటేలా ఉంది. మార్చాలంటే ఆ ఉచ్చును ఒక్క క్షణం వదిలేయాలి. ఈ సంక్రాంతికి ఇద్దరం కూర్చుని మారుద్దాం అనుకున్నాం. పోయిన సంక్రాంతికీ అలాగే అనుకున్నాం.