విదేశాల్లో పార్టులు చేయించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ కంట్రోలర్ బాక్సుకి అల్యూమినియం కేసులు, చిప్పుల వేడిని లాగే హీట్‌సింకులు, ఇత్తడి స్పేసర్లు (మధ్యలో ఎడం ఉంచే ముక్కలు) యాభయ్యేసి చొప్పున బయటి దేశంలో చేయించాలనుకుంటున్నానని రాశావు. వచ్చిన కొటేషన్లలో ఒకటి మిగతావాటిలో మూడో వంతే ఉందట, దానికి ఆర్డర్ ఇచ్చేయనా అని అడిగావు. కాస్త ఆగు. నేను ధరల కంటే ముందు నీ డ్రాయింగ్ తెరిచి చూశాను. టెన్షన్ మొదలైంది అక్కడే.

అన్ని కొలతల్లోనూ తేడా ±0.02 మిల్లీమీటర్లు దాటకూడదని రాశావు. కేసు బయటి పొడవుకి కూడా అదే. ఆ పొడవు 100 మిల్లీమీటర్లు. అల్యూమినియం ముక్క అంత పొడవున్నప్పుడు పది డిగ్రీలు వేడెక్కితే చాలు, దాదాపు 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే పొద్దున కొలిస్తే పాసయ్యే ముక్క మధ్యాహ్నం ఫెయిలవ్వొచ్చు. బల్ల మీద పెట్టుకునే పెట్టెకి అంత కచ్చితత్వం దేనికి? ఆ అంకె చూసిన మంచి షాపు వాడు మెషీన్ నెమ్మదిగా నడపాలి, ముక్క ముక్కనీ కొలవాలి, కొన్ని పారేయాల్సి వస్తుంది అని లెక్క కట్టి ధర పెంచుతాడు. మూడో వంతుకే చేస్తానన్నవాడు దాన్ని చదవలేదనే నా అనుమానం.

డ్రాయింగ్ మూలన వివరాలు రాసే టైటిల్ బ్లాకులో, మామూలు కొలతలకి ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే ప్రమాణం, ‘ఐఎస్ఓ 2768 మీడియం’ అని ఒక్క మాట రాయి. దాని ప్రకారం 30 నుంచి 120 మిల్లీమీటర్ల కొలతకి ±0.3 వరకు సరిపోతుంది. ఆ తర్వాత కనెక్టర్ కూర్చునే కంత, బోర్డు స్క్రూల మధ్య దూరం, హీట్‌సింక్ చిప్‌ని తాకే ముఖం చదును, ఇలా నిజంగా పని చెడగొట్టగలిగే నాలుగైదు చోట్ల మాత్రం విడిగా గట్టి టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఇవ్వు. బేరమాడి తగ్గించుకోగలిగేదాని కంటే దీనితోనే నీకు ఎక్కువ మిగులుతుంది.

చిన్న బ్యాచ్‌లో నువ్వు డబ్బిచ్చేది లోహానికి కాదమ్మా, సెటప్‌కి. ప్రోగ్రాం రాయాలి, ముక్కని పట్టే ఫిక్చర్ చూసుకోవాలి, టూల్స్ బిగించాలి, మొదటి ముక్క కోసి సరిచూడాలి. ఒకటి చేసినా యాభై చేసినా ఈ పనంతా ఒకటే. అందుకే కొటేషన్ ఎప్పుడూ 10కి, 50కి, 100కి విడివిడిగా అడుగు. ధర ఎక్కడ దిగడం ఆగుతుందో కనబడుతుంది. ముక్కని తిప్పి బిగించిన ప్రతిసారీ ఇంకో సెటప్పే. నీ కేసుకి అయిదు వైపుల కంతలున్నాయి. పక్క గోడలో ఉన్న ఆ రెండు స్క్రూ కంతల్ని పైకి మారిస్తే ఒక సెటప్ తగ్గుతుంది.

లోపలి మూలలు కూడా చూడు. కోసే టూల్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి మూలలో ఎంతో కొంత వంపు మిగులుతుంది. నువ్వు 20 మిల్లీమీటర్ల లోతుకి 1 మిల్లీమీటరు వ్యాసార్థం ఉన్న వంపు గీశావు. అందుకు 2 మిల్లీమీటర్ల టూల్ తన మందానికి పది రెట్లు లోపలికి దిగాలి. అది వణుకుతుంది, విరుగుతుంది. వంపు 4 మిల్లీమీటర్లు చెయ్యి, నీ బోర్డు మూలల్ని కాస్త తగ్గించుకో. ఎం3 (3 మిల్లీమీటర్ల) మరలకి 15 మిల్లీమీటర్ల లోతు ఇచ్చావు, ఆరు చాలు.

ఇప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుకొచ్చి బాధపెట్టే సంగతి చెబుతాను. ఒకసారి అరవై కేసులకి నల్ల అనోడైజింగ్ (అల్యూమినియం మీద రక్షణగా పెంచే గట్టి ఆక్సైడ్ పొర) చేయించాను. ముచ్చటగా వచ్చాయి. బిగించి టెస్టుకి పంపితే రేడియో నాయిస్ పరీక్షలో ఫెయిల్. అనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు. మూతకీ డబ్బాకీ మధ్య లోహం లోహాన్ని తాకడమే లేదు, గ్రౌండ్ కలవలేదు. తప్పు షాపుది కాదు, ఆ అంచుల మీద పొర వద్దని నేను రాయలేదు. మా కుర్రాళ్లు మూడు రోజులు కూర్చుని అరవై మూతల అంచులూ చేత్తో గీకారు. అందుకని గ్రౌండ్ తగిలే ప్రతి చోటునీ డ్రాయింగ్‌లో రంగుతో చూపించి ‘ఇక్కడ మాస్క్ చేయాలి’, అంటే పొర పట్టకుండా కప్పాలి, అని రాయి. లేదా ఆ భాగానికి కరెంటుని పోనిచ్చే క్రోమేట్ కోటింగ్ అడుగు, కానీ అందులో విషపూరితమైన హెక్సావలెంట్ క్రోమియం ఉండకూడదని కూడా చెప్పు. అనోడైజింగ్ పొరలో కొంత మందం బయటికి పెరుగుతుంది కాబట్టి, బిగుతుగా పట్టే కంతల కొలత పూతకి ముందా, పూత తర్వాతా అన్నది కూడా తేల్చి రాయాలి.

ఇత్తడి గురించి ఒక మాట. సులువుగా కోసే ఇత్తడిలో సీసం దాదాపు మూడు శాతం ఉంటుంది. ఎలక్ట్రానిక్ సరుకులో హానికర పదార్థాలకి హద్దులు పెట్టే రోహెచ్ఎస్ నిబంధనలో సీసం హద్దు 0.1 శాతం. రాగి మిశ్రమాలకి మినహాయింపు ఉంది కానీ అది గడువులతో ఉంటుంది. నువ్వు సరుకు అమ్మే దేశంలో, అమ్మే రోజుకి అది అమల్లో ఉందో లేదో చూసుకో.

ఎవరికివ్వాలన్నది నీ అసలు ప్రశ్న. చైనాలో షెన్‌జెన్, డాంగ్వాన్ చుట్టుపక్కల ఇలాంటి షాపులు లెక్కలేనన్ని. తైవాన్‌లో తైచుంగ్ వైపు కూడా మంచి పనివాళ్లున్నారు. నీకు జవాబిచ్చేవాడు ఫ్యాక్టరీ వాడో, మధ్యవర్తో తెలుసుకో. మధ్యవర్తి అయితే చెడ్డేమీ కాదు, పది రకాల చిన్న పార్టులకి ఒక్కోసారి అతనే మేలు. కానీ పని ఎక్కడ జరుగుతుందో అతను చెప్పాలి. నాకు ఒకరు శాంపిల్ అద్భుతంగా ఇచ్చి, రెండో బ్యాచ్ చెప్పకుండా వేరే చోట చేయించారు. కంతలన్నిటికీ కోసినప్పుడు మిగిలే పదునైన అంచు, బర్, అలాగే ఉంది. అప్పట్నుంచి షాపు మార్చే ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఆర్డర్‌లోనే రాస్తున్నాను.

నేను మనిషిని కొలిచే పద్ధతి ఒకటుంది. డ్రాయింగ్ పంపాక ‘ఈ మూల ఇలా ఎందుకు, ఈ మర ఇంత లోతు కావాలా’ అని అడిగినవాడికి పనిస్తాను, ధర కొంచెం ఎక్కువైనా సరే. గంటలో ఒక అంకె మాత్రం పంపి ఊరుకునేవాడికి ఇవ్వను.

స్టెప్ ఫైలూ (పార్టు త్రీడీ బొమ్మ) పీడీఎఫ్ డ్రాయింగూ రెండూ పంపు. రెండిటిలో తేడా వస్తే దేన్ని నమ్మాలో రాయి. పక్క వైపుల బొమ్మల్ని ఏ పద్ధతిలో పేర్చావో చెప్పే గుర్తు, ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షనా, థర్డ్ యాంగిలా అన్నది, తప్పకుండా పెట్టు, లేకపోతే అద్దంలో బొమ్మలా తిరగబడిన పార్టు వచ్చే ప్రమాదముంది. ముందు రెండు ముక్కలే చేయించు. అన్ని కొలతల రిపోర్టు, లోహం ఏమిటో పరీక్షించి ఇచ్చే ఈఎన్ 10204 3.1 సర్టిఫికెట్ అడుగు. అవి రాగానే నీ బోర్డు పెట్టి బిగించి చూడు. కాగితం మీద పాసైన ముక్క చేతిలో పట్టకపోవడం నేను చాలాసార్లు చూశాను. నచ్చితే మిగతా నలభై ఎనిమిదికి మాట ఇవ్వు. ఈ రెండు ముక్కల సెటప్ ఖర్చు దండగ అనిపిస్తుంది, కానీ దాన్ని తగ్గించుకోకు.

డబ్బు విషయం. ముప్పై శాతం ముందు, మిగతాది పంపే ముందు అన్నది మామూలు పద్ధతి. మధ్యలో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఈమెయిల్ వస్తే పైసా పంపకు. నీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి, గొంతు విని నిర్ధారించుకో. ఆ ఉత్తరాలు చాలావరకు దొంగలవే.

రవాణా ధర ఎవరి నెత్తిన పడుతుందో కొటేషన్‌లోనే చూడు. ఈఎక్స్‌డబ్ల్యూ అంటే వాళ్ల గుమ్మం దాకానే వాళ్ల బాధ్యత, డీడీపీ అంటే సుంకంతో సహా నీ గుమ్మం దాకా. కొరియర్ వాళ్లు బరువుతో పాటు పెట్టె సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చేదీ, అసలు బరువూ, ఏది ఎక్కువైతే దానికి డబ్బు. చైనాకిస్తే జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికీ, అక్టోబరు మొదటి వారానికీ షాపులు మూతపడతాయి. నీ తేదీలు వాటికి దూరంగా పెట్టుకో.

ఆ చవక కొటేషన్ వాడికి ఈ రోజే మూడు ప్రశ్నలు రాయి: ఈ ధరలో అనోడైజింగ్ ఉందా, రిపోర్టు ఉందా, ఆ ±0.02 ఎలా కొలుస్తారు? జవాబూ, సరిదిద్దిన డ్రాయింగూ కలిపి నాకు పంపు. డ్రాయింగ్ మీద రివిజన్ బి (రెండో కూర్పు) అని మార్చడం మరిచిపోకు. ఆదివారం కూర్చుని ఒక్కో కొలతా చూసి చెబుతాను.

మీ పెదనాన్న