ఇంటిపేరు చూసి సంబంధం కలుపుకోకు

తెనాలి

చిట్టితల్లికి,

విదేశాల్లో పై చదువులకి రాసే జీఆర్ఈ పరీక్షకి నువ్వు కట్టావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. 3500 ఇంగ్లీషు మాటల లిస్టు ప్రింటు తీయించి గోడకి అంటించావట. రోజుకి 60 చొప్పున రెండు నెలల్లో అవగొడతావట. వినగానే మీ పెద్దమ్మని వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పాను. మన ఇంట్లో ఆ పరీక్షకి కట్టిన మొదటిదానివి నువ్వే. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. పరీక్ష గురించి కాదు, ఆ 60 గురించి. రోజుకి అన్ని మాటలు తలకెక్కించుకునే పిల్ల ఎన్నింటికి పడుకుంటుంది? టెన్త్ పరీక్షలప్పుడు పుస్తకం మీదే నిద్రపోయి, పొద్దున బుగ్గ మీద సిరా మరకతో లేచావు. గుర్తుందా?

రాసుకోవడం, మళ్ళీ మళ్ళీ చూసుకోవడం, మర్చిపోయినవాటికి గుర్తు పెట్టుకోవడం నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

లిస్టు మాత్రం గోడ మీంచి పీకెయ్. ఆ పరీక్ష ఎలా ఉంటుందో నేనూ కూర్చుని చూశాను. ఒకప్పుడు ఒక మాట ఇచ్చి దానికి వ్యతిరేకపదం ఏదని అడిగేవాళ్ళు. 2011లో అది తీసేశారు. ఇప్పుడు వాక్యంలో ఖాళీలు పూరించాలి. మూడు ఖాళీలుంటే మూడూ సరిగ్గా పడాలి, ఒక్కటి తప్పినా మార్కు రాదు. ఇంకో రకంలో ఆరు మాటలిచ్చి, వాటిలో ఏ రెండిట్లో ఏది పెట్టినా వాక్యానికి ఒకే అర్థం వస్తుందో పట్టుకోమంటారు. లిస్టులో మాట పక్కన రాసిన ఒక్క ముక్క అర్థంతో ఇది తెగదు.

పైగా దెబ్బ కొట్టేవి నోరు తిరగని మాటలు కావు, మనకి తెలుసనుకున్నవే. 'క్వాలిఫైడ్' అంటే అర్హత ఉన్న అనే కదా నీకు తెలుసు? మా బ్యాంకు బ్రాంచిలో ఆడిటర్లు క్వాలిఫైడ్ రిపోర్టు ఇచ్చారంటే మేనేజరుకి చెమటలు పట్టేవి. అంతా బాగానే ఉంది 'కానీ' అని మెలిక పెట్టడమన్నమాట. 'సాంక్షన్' చూడు. లోను సాంక్షనయితే స్వీట్లు పంచుతారు. ఒక దేశం మీద సాంక్షన్లు పెట్టారంటే సరుకు ఆగిపోతుంది. ఇచ్చేదానికీ అదే మాట, ఆపేదానికీ అదే మాట.

లాటిన్ మూలాలు కూడా పట్టుకున్నావట. మంచిదే. దంతం తెలిసినవాడికి డెంటిస్టు ఎలాగూ తెలుస్తాడు. కానీ మూలమంటే మాటకి ఇంటిపేరు. ఇంటిపేరు చూసి సంబంధం కలుపుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఈ సంగతి మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1986లో నేను గుమాస్తాని. మీ తాతయ్యని గుంటూరులో ఆసుపత్రిలో పెడితే మా మేనేజరుగారు అడగ్గానే పదిహేను రోజులు సెలవిచ్చారు. అంతేనా, ఒక ఆదివారం సాయంత్రం ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని బస్సులో ఆయనే వచ్చారు. మీ తాతయ్య మంచం పక్కన స్టూలు మీద గంటసేపు కూర్చుని, ధాన్యం ధరల గురించి మాట్లాడి వెళ్ళారు. ఆ ఏడాదే ఆయనకి బదిలీ అయింది. వీడ్కోలు పత్రం నేనే రాస్తానన్నాను, అదీ ఇంగ్లీషులోనే. ఆయన చేసిన సాయానికి తగ్గ మాట ఒకటి కావాలి. మీ ముత్తాతగారి డిక్షనరీ, అట్ట ఊడిపోయింది, దాంట్లో 'ఆఫీషియస్' దొరికింది. పరోపకారబుద్ధి గల, అని ఉంది. ఆఫీసుకి చుట్టంలా కూడా వినిపించింది. ఇంకేం కావాలి? 'మీ ఆఫీషియస్ స్వభావాన్ని ఎన్నటికీ మరువలేము' అని అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాసి, టైపు చేయించి, అద్దం ఫ్రేము కట్టించి, అందరి ముందు గొంతు సవరించుకుని మరీ చదివాను.

అకౌంటెంటు తల దించుకున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరుగారు మాత్రం లేచి రెండు చేతులతో ఫ్రేము అందుకుని, నా భుజం తట్టారు. టిఫిన్ల దగ్గర, మా ఖాతాదారు ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, నన్ను వరండాలోకి తీసుకెళ్ళి మెల్లగా అడిగాడు. "బాబూ, ఆయన మీద నీకేమైనా కోపమా?"

ఆఫీషియస్ అంటే అడగనిచోట పెత్తనం చేసేవాడు, అక్కర్లేని సాయం నెత్తిన రుద్దేవాడు. ఒకప్పుడు దానికి మంచి అర్థం కూడా ఉండేది, డిక్షనరీ అబద్ధం చెప్పలేదు. పోనుపోను ఆ మంచి అర్థం పోయి, మాట చెడిపోయింది. మన 'కైంకర్యం' లేదూ? దేవుడి సేవ కాస్తా జనం నోట పడి సొమ్ము మింగేయడమయింది. 'ఆయన చాలా కైంకర్యం చేశారండీ' అని బ్యాంకు మేనేజరుని సభలో పొగిడితే ఎలా ఉంటుంది? నేను చేసింది అదే.

క్షమించమని ఇన్‌లాండ్ లెటర్లు రెండు రాసి చింపేశాను. 1994లో బెజవాడ స్టేషన్లో ఆయనే కనిపించి "నాన్నగారు కులాసాయేనా?" అన్నారు. కులాసాయేనండీ అన్నాను. మిగతాది నోటిదాకా వచ్చింది, ఆలోపు ఆయన బండి వచ్చేసింది.

అందుకే తల్లీ, పరీక్షలో ఒక మాట తప్పుగా పెడితే మార్కు పోతుంది, పోనీ. యూనివర్సిటీలకి నీ గురించి నువ్వు రాసి పంపే ఎస్‌ఓపీ ఉందే, నా భయమంతా దాని గురించే. నిన్న నేర్చుకున్న మాట ఇవాళ అందులో పెట్టకు. ఒక మాటని నాలుగు వేరువేరు చోట్ల, బాగా రాసేవాళ్ళ వాక్యాల్లో చూడాలి. అది మెచ్చుకునేటప్పుడు వస్తోందా, దెప్పేటప్పుడు వస్తోందా కనిపెట్టాలి. అప్పటిదాకా దాన్ని చదువు, వాడకు. నీ ప్రాజెక్టు గురించి మామూలు మాటల్లోనే రాయి, చదివేవాళ్ళకి అదే హాయి.

రోజుకి 15 మాటలు చాలు. ఒక్కోదానికి మనింటి మనిషిని పెట్టి వాక్యం రాయి. టాసిటర్న్ అంటే మీ నాన్న, ముక్తసరి మనిషి. గారులస్ అంటే వాగుడుకాయ. అక్కడ నన్ను పెట్టుకో, ఈ ఉత్తరం చూశాక జన్మలో మర్చిపోవు. మీ పెద్దమ్మకి మాత్రం మంచి మాట చూడు, నాకు చదివి వినిపించమంటోంది.

ఆ వాక్యాలు రోజూ నాకు వాట్సాప్‌లో పంపు. తప్పులుంటే దిద్దుతాను, నాకు తెలియనివి డిక్షనరీలో చూస్తాను, ఈసారి కొత్తదాంట్లో. రాత్రి పది దాటాక పంపొద్దు. నేను మేలుకునే ఉంటాను, కానీ నువ్వు పడుకోవాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న