బీపీఏ పరీక్ష చేయించుకోవాలా?

ప్రశ్న: పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. మూత్రంలో బీపీఏ (బిస్ఫినాల్-ఏ, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) పరీక్ష చేయించుకోమంటున్నారు. అవసరమా? ‘బీపీఏ లేదు’ అని రాసిన డబ్బాలు వాడితే సరిపోదా?

జవాబు: ఆ పరీక్షకు డబ్బు తగలేయకండి. ఒంట్లోకి వెళ్లిన బీపీఏ ఒక రోజులో దాదాపు అంతా మూత్రంలో పోతుంది. ఆ అంకె నిన్నటి తిండి గురించి చెబుతుంది, నెలల లెక్క కాదు. అందుకే పరిశోధకులు ఒకే మనిషి నుంచి పలుమార్లు నమూనాలు తీసుకుంటారు.

డబ్బా మీది ముద్రనూ మరీ నమ్మొద్దు. బీపీఏకు బదులుగా తరచూ వాడే బిస్ఫినాల్-ఎస్ కూడా దానిలాగే ఈస్ట్రోజన్ (స్త్రీ హార్మోన్) గ్రాహకాలకు, అంటే కణాల్లో ఆ హార్మోన్ పట్టుకునే చోట్లకు, అతుక్కునేదే. అలాగని బీపీఏను తేలిగ్గా తీసుకోవద్దు: ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో ఒంట్లోకి వెళ్లదగ్గ బీపీఏ రోజువారీ పరిమితిని కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు, అంటే 20,000 రెట్లు దించింది. (దానికి ప్రధాన ఆధారం రోగనిరోధక కణాలపై ప్రభావం, సంతానోత్పత్తి కాదు.)

వేడి పదార్థాలు, ముఖ్యంగా నూనె ఉన్నవి, ప్లాస్టిక్‌లో పోయకండి. గాజు, స్టీలు వాడండి. గీతలు పడ్డ పాలికార్బొనేట్ (బీపీఏతో చేసే గట్టి ప్లాస్టిక్) సీసాలు తీసేయండి. శానిటైజర్ తడి ఆరకముందే థర్మల్ రసీదు (దుకాణాల్లో యంత్రం ఇచ్చే నున్నటి బిల్లు) పట్టుకుంటే దాని మీది బీపీఏ చర్మంలోకి ఎక్కువగా ఇంకుతుంది. వీర్యకణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది కాబట్టి మూడు నెలల ముందే, ఇద్దరూ మొదలుపెట్టండి. ఏడాది దాటినా, భార్యకు 35 నిండితే ఆరు నెలలైనా గర్భం రాకపోతే డబ్బాలు మారుస్తూ కూర్చోకుండా డాక్టరును కలవండి.