లినక్స్‌లో 4 ఎంబీ ఒకేసారి రాయమన్నా డిస్కుకు ముక్కలుగా ఎందుకు వెళ్తుంది?

ఒక్కో రిక్వెస్టులో ఎంత డేటా పంపవచ్చో దానికి పరిమితి ఉంటుంది. అది దాటితే కెర్నలే (లినక్స్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) ముక్కలు చేసి పంపుతుంది.

దీనికి మూలం హార్డ్‌వేర్. డిస్కులతో మాట్లాడే పాత పద్ధతి ఏటీఏ. దాని కమాండ్‌లో సెక్టార్ల (డిస్కుపై 512 బైట్ల గడుల) సంఖ్య రాసే చోటు 8 బిట్లే, అంటే గరిష్ఠంగా 256 సెక్టార్లు, 128 కేబీ. 48 బిట్ల అడ్రసింగ్ వచ్చాక సెక్టార్ల సంఖ్యకు 16 బిట్లు దొరికి అది 32 ఎంబీకి పెరిగింది. అయినా కెర్నల్ అంత పెద్దవి పంపదు. ఒకే రిక్వెస్టు డిస్కును పట్టుకుని కూర్చుంటే వెనకున్న చిన్న రీడ్‌లన్నీ ఆగిపోతాయి మరి. అందుకే చాలా వెర్షన్లలో సాటా డిస్కులకు (ఏటీఏ తర్వాతి రకం) ఒక్కో రిక్వెస్టుకు డిఫాల్ట్ పరిమితి 1280 కేబీ.

ఉదాహరణకు, డైరెక్ట్ ఐఓతో (కెర్నల్ క్యాష్‌లో ఆగకుండా నేరుగా డిస్కుకు) 4096 కేబీ, అంటే 4 ఎంబీ రాస్తే 1280 చొప్పున మూడు, చివర 256 కేబీది ఒకటి వెళ్తాయి. ఆ డేటా ఉన్న మెమరీ పేజీలు (మెమరీలోని చిన్న భాగాలు) చెల్లాచెదురుగా ఉంటే ఇంకా ఎక్కువే అవుతాయి, ఎందుకంటే డిస్కును నడిపే కంట్రోలర్ ఒక్కసారికి తీసుకునే మెమరీ ముక్కల సంఖ్యకూ హద్దుంది.

చాలామంది ఈ రిక్వెస్టు పరిమితిని ఫైల్ సైజు పరిమితి అనో, స్పీడ్ లిమిట్ అనో అనుకుంటారు. రెండూ కాదు. డిస్కు క్యూ సెట్టింగుల్లో ఈ పరిమితి పేరు 'మ్యాక్స్ సెక్టార్స్ కేబీ'; దాని విలువ పెంచినంత మాత్రాన వేగం పెరగదు. హార్డ్‌వేర్ హద్దు దాటించబోతే కెర్నల్ అసలు ఒప్పుకోదు.