రోమ్‌లో నెల రోజులు: ముందు తేదీలు చూసుకోండి, టికెట్లు తర్వాత

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఇద్దరం రిటైరయ్యాం. పది రోజుల్లో ఆరు దేశాలు తిప్పే ప్యాకేజీ టూర్లు మావల్ల కాదు. రోమ్‌లోనే ఒక నెల ఉండాలని ఉంది. మూడు, మూడున్నర లక్షల్లో అవుతుందా? శాకాహారులం, వంట చేసుకోవడం కుదురుతుందా?"

అవుతుందండీ. మావారూ నేనూ 2024 ఫిబ్రవరి 1న ఉదయం రోమ్‌లో దిగి, మార్చి 1న తిరుగు విమానం ఎక్కాం. విజయవాడలో ఇల్లు తాళం వేసి మళ్లీ తీసేదాకా అయిన ఖర్చంతా నా నోటు పుస్తకంలో ఉంది. ఇద్దరికీ కలిపి రెండు లక్షల 95 వేలు. అప్పుడు యూరో దాదాపు 90 రూపాయలు. మీరు మాత్రం నేటి రేటుతో లెక్క వేసుకోండి, యూరోకు పది రూపాయలు పెరిగితే మొత్తం మీద పదిహేడు వేల పైనే తేడా వస్తుంది.

చాలామంది ముందు చవకైన విమానం టికెట్ వెతుక్కుని, దాన్నిబట్టి తేదీలు పెట్టుకుంటారు. రోమ్ విషయంలో దీన్ని తిరగేయమంటాను. ఆ ఊళ్లో డబ్బు మిగిలే ప్రతి ఏర్పాటూ క్యాలెండర్‌తోనే ముడిపడి ఉంది. బస్సు, మెట్రో, ట్రామ్ అన్నింటికీ పనికొచ్చే నెల పాస్ 35 యూరోలు, అయితే అది కొన్న రోజు నుంచి ముప్పై రోజులు కాదు, ఆ నెల ఒకటో తేదీ నుంచి ఆఖరి తేదీ వరకే. 15న దిగితే ఒక నెల బసకు రెండు పాస్‌లు కొనాల్సి వస్తుంది. ప్రభుత్వ మ్యూజియాలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. వాటికన్ మ్యూజియాలు ఆఖరి ఆదివారం ఉచితం. ఒకటో తేదీన దిగి నెలాఖరు దాకా ఉంటే ఈ మూడూ కలిసొస్తాయి. ఇళ్లలో హీటింగ్ నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 12 గంటలకు మించి వేయకూడదన్నది అక్కడి నియమం. మా బిల్డింగులో రాత్రి పదిన్నరకల్లా ఆపేసేవారు. ఉన్ని శాలువా, మేజోళ్లు తప్పకుండా పెట్టుకోండి. ఫిబ్రవరిలో చలి ఉన్నా జనం తక్కువ, అద్దెలూ తక్కువ. ఏప్రిల్ నుంచి మేం అద్దెకున్న ఇంటికే దాదాపు రెట్టింపు చెబుతున్నారని మా ఇంటి యజమానే చెప్పింది.

ఇల్లు దొరకడమే అసలు పని. దీనికి నాకు రెండు నెలలు పట్టింది. మొదట్లో ఒక ప్రకటన చూసి మోసపోయాం. నది అవతల అందమైన ఇల్లు, అద్దె 700 యూరోలన్నారు. వెబ్‌సైట్ ద్వారా కాకుండా నేరుగా బ్యాంకుకు 200 యూరోల అడ్వాన్సు పంపమన్నాడు. పంపాం. ఆ తర్వాత మనిషి జవాబివ్వలేదు, డబ్బూ రాలేదు. చాలా బాధపడ్డాం. ఆ 200 యూరోలు పైన చెప్పిన లెక్కలో కలపలేదు. ఫోటోలు ఎంత బాగున్నా సరే, రద్దు చేసుకునే వీలున్న బుకింగే చేయండి. వీసాకు కూడా బస రుజువు చూపాలి కాబట్టి అది ఎలాగూ కావాలి.

ఒక నెల బస అన్నప్పుడు ఇటలీ చట్టంలో ఒక గీత ఉందని గుర్తుంచుకోండి. 30 రోజులు దాటిన అద్దె ఒప్పందాన్ని పన్నుల శాఖలో రిజిస్టర్ చేయాలి. దాటకపోతే అక్కర్లేదు. అందుకే యజమానులు 28, 29 రాత్రులకు సంతోషంగా ఇస్తారు, 35 అంటే వెనకాడతారు. నెల అంటే తగ్గింపు కూడా ఇస్తారు, అడగండి. పర్యాటక పన్ను వేరుగా కట్టాలి. అదీ మొదటి పది రాత్రులకే, మాకు ఇద్దరికీ కలిపి 120 యూరోలైంది. దిగగానే పాస్‌పోర్టులు అడిగితే టెన్షన్ పడకండి. అతిథుల వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు ఆన్‌లైన్‌లో పంపడం యజమాని బాధ్యత. అసలు పాస్‌పోర్టే అడగని వాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఎక్కడ ఉండాలంటే, నది అవతలి ట్రస్తెవెరె పేట, కొలోసియం పక్క వీధుల జోలికి వెళ్లొద్దు. ఇరుకు గదికే చాలా అడుగుతారు. మేం మెట్రో ఎ లైన్ మీద నుమీదియో క్వాద్రాతో స్టేషన్ దగ్గర, తుస్కొలానా రోడ్డుకు రెండు వీధుల లోపల ఉన్నాం. ఒక పడకగది, వంటిల్లు, బాల్కనీ కలిపి 950 యూరోలు. అది మామూలు ఉద్యోగస్తుల పేట. కింద రొట్టెల దుకాణం, ఎదురుగా కూరగాయల కొట్టు, సాయంత్రాలు బెంచీల మీద కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లు. మన విజయవాడ పటమట లాంటి పేట అనుకోండి. మెట్రోలో ఇరవై నిమిషాలలోపే ఊరి నడిబొడ్డు. అదే లైన్‌లో మరో మూడు స్టేషన్ల దూరంలో జల వంతెనల పార్కు ఉంది, టికెట్ లేదు. క్రీ.శ. 38లో కలిగులా చక్రవర్తి మొదలుపెట్టి 52లో క్లాడియస్ చక్రవర్తి పూర్తిచేసిన ఆక్వా క్లాడియా అనే జల వంతెన కమానులు గడ్డి మైదానంలో వరుసగా నిలబడి ఉంటాయి. నేను కాలువల ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. నీటిని ఊరికి తేవడానికి ఇంత ఎత్తున రాయి పేర్చారంటే ఆ శ్రద్ధ నాకు కొలోసియం కన్నా ఎక్కువ నచ్చింది. ఎండ కాసిన ప్రతి సాయంత్రం అక్కడే నడిచాం.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను, అక్కడ సీసా నీళ్లు కొనకండి. వీధుల్లో నజోని అనే ఇనుప కొళాయిలు 2,500 దాకా ఉన్నాయి. 1874 నుంచి పెడుతూ వచ్చారట. నీళ్లు చల్లగా, తియ్యగా ఉంటాయి. కొళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం లోంచి నీరు పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగొచ్చు. ఇంట్లోంచి ఒక స్టీలు సీసా తీసుకెళ్లండి చాలు.

ఇక వంట. పియాత్సా వితోరియో అనే కూడలి దగ్గర ఎస్క్విలినో మార్కెట్ అని కప్పు కింద పెద్ద కూరగాయల సంత ఉంది. మా మెట్రో లైన్ మీదే వితోరియో ఎమాన్యుయేలె స్టేషన్లో దిగాలి. బంగ్లాదేశ్ వాళ్ల కొట్లు చాలా ఉన్నాయి. బెండకాయలు, కాకరకాయలు, పచ్చిమిర్చి, కొత్తిమీర అన్నీ దొరికాయి. కందిపప్పు, చింతపండు చుట్టుపక్కల దుకాణాల్లో కొన్నాం. ఉదయం పూట వెళ్లాలి, ఆదివారం ఉండదు. ఇంటి నుంచి మేం తీసుకెళ్లింది సాంబారు పొడి, ఇంగువ, కందిపొడి, చిన్న రైస్ కుక్కర్. వారానికి ఒకసారి వెళ్లి తెచ్చుకుంటే సరిపోయింది. నెలంతా తిండికి, బయట కాఫీలతో సహా, 430 యూరోలు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరో పైచిలుకే, కూర్చుంటే పర్యాటకుల వీధుల్లో మూడు నాలుగింతలు.

రెండో రోజు సాయంత్రం రైస్ కుక్కర్, వాషింగ్ మెషీన్, గీజరు మూడూ ఒకేసారి వేశాం. ఇల్లంతా చీకటి. అక్కడి ఇళ్లకు సాధారణంగా 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది, దాటితే మీటరు కొట్టేస్తుంది. ఎదురింటి పెద్దావిడ టార్చి పట్టుకుని మాతోపాటు కిందికి దిగి, మీటర్ల అరలో మా మీట చూపించింది. ఆవిడకు ఇంగ్లిషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. మర్నాడు పులిహోర ఇచ్చి వచ్చాం. మీరు కూడా ఇంట్లో అడుగుపెట్టగానే ఆ మీట ఎక్కడుందో అడగండి, బరువైన పరికరాలు ఒకదాని తర్వాత ఒకటి వేసుకోండి.

శాకాహారులన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. బయట తినేటప్పుడు పేరు చూసి నమ్మకండి. పుంతరెల్లె అనే చలికాలపు ఆకుకూర సలాడ్‌లో చిన్న చేపలు నూరి కలుపుతారు. సుప్లీ అనే అన్నం ఉండల్లో మామూలుగా మాంసం సాస్ ఉంటుంది. పెకొరీనో జున్ను గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగగొట్టినది. అది తినని వాళ్లు ఆ జున్నుతోనే చేసే కాచో ఎ పెపె పాస్తా కూడా తినలేరు. జున్ను లేని మారినారా పిజ్జా, ఫిబ్రవరిలో విరివిగా వచ్చే ఆర్టిచోక్ వేపుడు మాకు బాగా సరిపోయాయి. ఆ వేపుడు యూదుల పేటలో తినండి, పూరేకుల్లా విచ్చుకుని కరకరలాడుతుంది.

చూడదగినవాటికి మేం ఖర్చుపెట్టింది 120 యూరోలే. మొదటి ఆదివారం అందరూ కొలోసియం ముందు బారులు తీరతారు. మేం ఆ రోజు ఓస్తియా ఆంతికాకు వెళ్లాం. పాత రేవు పట్టణం మొత్తం, వీధులు, పిండి మరలు, హోటళ్లు, నాటకశాల, అన్నీ శిథిలాలుగా మిగిలి ఉన్నాయి. రైలుకు నెల పాసే చాలు, లోపలికి ఉచితం, తోపులాట లేదు. కొలోసియానికి మామూలు రోజున 18 యూరోలు పెట్టి ప్రశాంతంగా వెళ్లాం, ఆ టికెట్ మీదే పక్కనున్న ఫోరం శిథిలాలు, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. ఇక్కడ కక్కుర్తి పడొద్దు.

చర్చిలు చాలావరకు ఉచితం. సాన్ లూయిజీ దేయి ఫ్రాంచేసి చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో గీసిన, క్రీస్తు శిష్యుడు మత్తయి చిత్రాలు మూడున్నాయి, సాంతా మరియా దెల్ పోపోలో చర్చిలో ఆయనవే మరో రెండు. నాణెం వేస్తే కాసేపు దీపం వెలుగుతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి, మధ్యాహ్నం మూసేస్తారని గుర్తుంచుకోండి. నెల బస విలువ నాకు అక్కడే తెలిసింది. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. మూడోసారి సాన్ లూయిజీకి వెళ్లినప్పుడు, క్రీస్తు మత్తయిని పిలిచే చిత్రంలో బల్ల దగ్గర తల దించుకుని డబ్బు లెక్కపెడుతున్న కుర్రాడి మీద చూపు ఆగింది. క్రీస్తు పిలుస్తున్నాడు, ఆ పిల్లవాడు తల ఎత్తడం లేదు. పది రోజుల టూరులో మూడోసారి వెళ్లే తీరిక ఎక్కడుంటుంది?

రోమన్ జాతీయ మ్యూజియం టికెట్ 12 యూరోలకు వారం రోజులపాటు మూడు భవనాలకు పనికొచ్చింది. అందులో పలాత్సో మాస్సిమోకు తప్పక వెళ్లండి. రోమన్ చక్రవర్తి టిబేరియస్ నాటి వెండి నాణేలు మన నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ బయటపడ్డాయి. ఆ కాలపు చక్రవర్తుల ముఖాలు పలాత్సో మాస్సిమోలో పాలరాతిలో చూస్తుంటే శాతవాహనుల కాలం నాటి వర్తకం కళ్లముందు కదిలింది.

మిగతా ఖర్చులు చెప్పేస్తాను. ఇద్దరికీ గల్ఫ్ మీదుగా విమానం లక్షా 12 వేలు, వీసా, బీమా కలిపి 28 వేలు. వీసా రుసుము అప్పుడు 80 యూరోలు, 2024 జూన్ నుంచి 90. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, ఆలస్యం చేయకండి. ఎయిర్‌పోర్టు నుంచి ప్రధాన రైల్వే స్టేషన్ తెర్మినికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ 14 యూరోలు. తుస్కొలానా స్టేషన్‌కు వెళ్లే మామూలు రైలు 8, మా పేటకు అదే దగ్గర. నెల పాస్ ఈ రైలుకు చెల్లదు. బస్సులు, మెట్రో కొన్ని శుక్రవారాల్లో సమ్మె చేస్తాయి. ఆ రోజుల్లోనూ ఉదయం ఎనిమిదిన్నర వరకు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది వరకు నడుపుతారు. రద్దీ మెట్రోలో బ్యాగు ముందుకు వేసుకోండి.

ఇంకొక్క మాట, మోకాళ్ల గురించి. పాత ఊళ్లో చాలా వీధులు నల్లరాతి దిమ్మలు పరిచినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి. మెత్తటి అడుగున్న బూట్లు ఇక్కడే కొని, నెల ముందు నుంచి రోజూ వేసుకుని నడవండి. ఇల్లు బుక్ చేసేటప్పుడు ఎన్నో అంతస్తు, లిఫ్టు పనిచేస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. అక్కడ మొదటి అంతస్తు అన్నా మెట్లు ఎక్కే వెళ్లాలి. వాటికన్‌కు ఆఖరి ఆదివారం వెళ్లేటట్లయితే ఏడున్నరకల్లా గోడ పక్క బారులో నిలబడండి. తొమ్మిదికి తెరుస్తారు, పన్నెండున్నర తర్వాత లోపలికి రానివ్వరు. మేం మడత కుర్చీ ఒకటి తీసుకెళ్లి వంతులవారీగా కూర్చున్నాం.