సుద్ద వద్దండీ, టార్చి చాలు

పొలం గట్టున ఉన్న శాసనం రాయి ఫోటోలో అక్షరాలు పడటం లేదు, సుద్దముక్కతో దిద్దితే పర్లేదా అని అడిగారు. దిద్దకండి మహాప్రభో! మీకు ‘ప’లా కనిపించింది ‘వ’ కావచ్చు. ఒకసారి దిద్దాక తర్వాత వచ్చినవాళ్ళకి మీరు రాసిందే కనిపిస్తుంది తప్ప రాయి మీద చెక్కింది కాదు. సున్నం, నూనె కూడా వద్దు.

చీకటి పడ్డాక వెళ్ళండి. ఫోన్ రాయికి ఎదురుగా కదలకుండా పట్టుకుని, టార్చిని పక్కనుంచి రాయికి దాదాపు ఆనించినట్టు వేయించండి. గాట్లలో నీడ పడి అక్షరాలు లేచొస్తాయి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ తీయండి. గడ్డిలో పాములుంటాయి, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.

మొత్తం ఒకేసారి చదివేద్దామనుకోకండి. పైన సూర్యచంద్రుల బొమ్మలుంటే అది ‘ఆచంద్రార్కం’, అంటే సూర్యచంద్రులున్నంత కాలం చెల్లే దానమని గుర్తు. మొదట్లో ‘స్వస్తి శ్రీ’, ఆ వెనకే ‘శకవర్షంబులు’ (శక సంవత్సరం అంకె) వెతకండి. ఆ అంకెకి 78 కలపండి, శక 1166 అయితే క్రీ.శ. 1244 అన్నమాట (నెలను బట్టి ఒక ఏడాది అటూఇటూ). చివర్లో, దానాన్ని చెడగొట్టినవాళ్ళు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారన్న శాపం తరచు కనిపిస్తుంది, నాకైతే అదే ముందు దొరుకుతుంది!

మీ ఊరు పాత మద్రాసు రాష్ట్రంలోదైతే అక్కడి తెలుగు శాసనాలు అచ్చేసిన ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ 10వ సంపుటం తిరగేయండి, మీ శాసనం ఇప్పటికే అచ్చయి ఉండొచ్చు. లేకపోతే ఫోటోలు మైసూరులోని పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి పంపండి, కాగితం మీద అచ్చు తీయడం వాళ్ళ పని. రాయిని మాత్రం కదిలించకండి.